బహిరంగ వ్యాఖ్య నుండి వ్యక్తిగత సందేశానికి: స్వయంచాలక ప్రత్యుత్తర వ్యవస్థలు - తెలుగు భాషాంశాలు

వ్యాససంగ్రహం

సామాజిక మాధ్యమాలలో ఒక ప్రకటన కింద వ్యాఖ్య రాసినవారికి యంత్రమే వ్యక్తిగత సందేశం పంపే ఏర్పాటు నేడు వ్యాపారసంస్థలతోపాటు ప్రచురణకర్తలకు, విద్యాసంస్థలకు, పరిశోధకులకు కూడా అందుబాటులో ఉంది. ఈ ఏర్పాటు ప్రధానంగా కీలకపదాల గుర్తింపుపై నడుస్తుంది. పదరూపం అంతగా మారని భాషలను దృష్టిలో పెట్టుకొని ఏర్పడిన ఈ పద్ధతి సంధి, విభక్తి, రెండు లిపుల వాడకం ఉన్న తెలుగులో ఎక్కడ తడబడుతుందో ఈ వ్యాసం ఉదాహరణలతో వివరిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ వ్యవస్థను ఆధారంగా తీసుకొని దాని పనితీరును, హద్దులను, సమ్మతికి సంబంధించిన చట్టాంశాలను పరిశీలించి, తెలుగుకు తగిన ఒక ఆచరణపద్ధతిని ప్రతిపాదించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: సామాజిక మాధ్యమాలు, స్వయంచాలక సందేశం, యూనికోడ్, సంధి, అధ్యాహారం, సమ్మతి, వ్యక్తిగత గోప్యత.

1. ప్రవేశిక

ఒక ప్రచురణసంస్థ కొత్త పుస్తకాల పట్టికను ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటించిందని అనుకుందాం. కొందరు ధర అడుగుతారు, కొందరు లింకు అడుగుతారు. ఒకరు రచయితను అభినందిస్తారు, మరొకరు ముద్రణలోని దోషాన్ని ఎత్తిచూపుతారు. వీరిలో ఎవరికి వ్యక్తిగతంగా సందేశం పంపాలి? ఈ ప్రశ్నకు మనిషి క్షణంలో సమాధానం చెప్పగలడు. వ్యాఖ్యలు వందలలో వచ్చినప్పుడు ఆ పనిని యంత్రానికి అప్పగిస్తున్నారు.

దీనిని సాంకేతిక విషయంగా మాత్రమే చూడడం పరిపాటి. కాని ఈ వ్యవస్థ చేసే నిర్ణయం నిజానికి భాషాపరమైనది. ఒక వాక్యం అభ్యర్థనా, అభినందనా, ఫిర్యాదా అన్నది తేల్చడమే దాని పని. ఆ నిర్ణయం తప్పితే అడగనివారి ఆంతరంగిక స్థలంలోకి సందేశం చొరబడుతుంది, అడిగినవారికి మౌనం ఎదురవుతుంది. కాబట్టి తెలుగు భాషను అధ్యయనం చేసేవారు ఈ విషయంలో చెప్పవలసింది, చేయవలసింది కూడా ఉంది.

2. వ్యవస్థ పనితీరు

ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ సౌకర్యం వ్యాపార ఖాతాలకు, సృజనకారుల ఖాతాలకు మాత్రమే లభిస్తుంది. సాధారణ వ్యక్తిగత ఖాతాకు ఇది వర్తించదు. సందేశాలకు సంబంధించిన ఏపీఐని ఈ ఖాతాల కోసం 2021లో విస్తృతంగా అందుబాటులోకి తెచ్చారు. ఏపీఐ అంటే ఒక సాఫ్ట్‌వేర్ మరొక సాఫ్ట్‌వేర్‌ను నిర్ణీత పద్ధతిలో పని అడిగే ద్వారం. మెనీచాట్ వంటి మధ్యవర్తి సేవలు ఈ ద్వారం మీదనే పనిచేస్తాయి. సొంతంగా ప్రోగ్రాం రాయగలిగినవారు నేరుగానూ దీనిని వాడుకోవచ్చు.

పని నాలుగు దశలలో జరుగుతుంది. మొదటిది సమాచారం అందడం. ఎవరైనా వ్యాఖ్య రాయగానే ఇన్‌స్టాగ్రామ్ ఆ విషయాన్ని మన సర్వర్‌కు తెలియజేస్తుంది. ఈ ఏర్పాటును వెబ్‌హుక్ అంటారు. వ్యాఖ్య పాఠం, దాని గుర్తింపు సంఖ్య, రాసినవారి ఖాతాపేరు, ఏ ప్రకటన కింద రాశారు అన్న వివరాలు అందులో ఉంటాయి. రెండవది పరీక్ష. వ్యాఖ్యలో మనం కోరిన పదం ఉందో లేదో ప్రోగ్రాం చూస్తుంది. మూడవది సందేశం పంపడం. వ్యాఖ్య గుర్తింపు సంఖ్యను ఆధారంగా చూపి, దానిని రాసినవారికి వ్యక్తిగత సందేశం పంపమని ఏపీఐని కోరుతుంది. నాలుగవది నమోదు. ఏ వ్యాఖ్యకు సందేశం వెళ్లిందో రాసిపెట్టుకుంటుంది.

నాలుగవ దశను చాలామంది తేలికగా తీసుకుంటారు. సర్వర్ సకాలంలో బదులివ్వకపోతే అదే సమాచారం మళ్లీ రావచ్చు. నమోదు లేకపోతే ఒకే వ్యాఖ్యకు రెండుసార్లు సందేశం పంపే ప్రయత్నం జరుగుతుంది. అలాగే “లింకు మీకు పంపాము, చూడండి” అని మన ఖాతానుండే బహిరంగంగా బదులు రాస్తే, అందులోని “లింకు” అనే మాటను చూసి వ్యవస్థ తనకు తానే స్పందించే ప్రమాదం ఉంది. సొంత ఖాతా వ్యాఖ్యలను ముందుగానే మినహాయించాలి. వచ్చిన సమాచారం నిజంగా ఇన్‌స్టాగ్రామ్ నుండే వచ్చిందని నిర్ధారించే సంకేతపు సంతకాన్ని ప్రతిసారీ సరిచూడాలి.

3. వేదిక విధించిన హద్దులు

ఇక్కడ నాలుగు నియమాలు ముఖ్యం. ఒక వ్యాఖ్యకు ఒక వ్యక్తిగత ప్రత్యుత్తరం మాత్రమే పంపవచ్చు. దానిని వ్యాఖ్య రాసిన 7 రోజులలోపు పంపాలి. ప్రత్యక్షప్రసారం కింద వచ్చిన వ్యాఖ్యలకైతే ప్రసారం సాగుతున్నంతసేపే అవకాశం ఉంటుంది. సందేశం అందుకున్న వ్యక్తి తిరిగి బదులిస్తే అప్పటినుండి 24 గంటలపాటు సంభాషణ కొనసాగించవచ్చు. బదులివ్వకపోతే ఆ దారి అంతటితో మూసుకుంటుంది.

మన ఖాతాను అనుసరించేవారికి ఈ సందేశం వారి ఇన్‌బాక్స్‌లో చేరుతుంది. అనుసరించనివారికి అభ్యర్థనల విభాగంలో పడుతుంది. ఆ విభాగాన్ని తెరిచి చూడనివారికి సందేశం వచ్చిన సంగతే తెలియకపోవచ్చు. అందువల్ల “పంపాము” అన్న నమోదు “అందింది” అనడానికి సాక్ష్యం కాదు.

తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసిన హద్దు మరొకటి ఉంది. సందేశపాఠం యూటీఎఫ్-8 పద్ధతిలో 1000 బైట్లకు మించకూడదు. ఈ పద్ధతిలో ఒక ఆంగ్లాక్షరానికి 1 బైటు చాలు. యూనికోడ్‌లోని ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. “నమస్కారం” అన్న మాట చూపుకు నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో అది న, మ, స, పొల్లు, క, దీర్ఘం, ర, సున్న అనే 8 సంకేతాలు. అంటే 24 బైట్లు. ఆంగ్లంలో 1000 అక్షరాల సందేశానికి చోటున్న చోట తెలుగులో సుమారు 333 సంకేతాలే పడతాయి. మధ్యనుండే ఖాళీలకు, విరామచిహ్నాలకు 1 బైటే కనుక కొంత వెసులుబాటు ఉన్నా, ఆంగ్లంలో రాసుకున్న పాఠాన్ని యథాతథంగా తెలుగులోకి మార్చి పెడితే అది హద్దు దాటవచ్చు. సందేశాన్ని మొదటినుండి తెలుగులోనే, క్లుప్తంగా కూర్చుకోవాలి.

4. కీలకపద పద్ధతి - తెలుగు స్వభావం

4.1 లిపి స్థాయి

ధర అడిగినవారిని గుర్తించడానికి “ధర” అనే పదాన్ని కీలకపదంగా పెట్టామనుకుందాం. వ్యాఖ్యలో ఎక్కడైనా ఈ సంకేతాల వరుస కనిపిస్తే చాలునన్నది సాధారణంగా వాడే పద్ధతి. యూనికోడ్‌లో తలకట్టుకు వేరే సంకేతం లేదు. అకారం హల్లులోనే ఇమిడి ఉంటుంది. “ధర” అంటే ధ, ర అనే రెండు సంకేతాలు. “ధర్మం” అన్న మాటలోనూ ధ, ర వరుసగా ఉన్నాయి. వాటి తరవాత పొల్లు, మ, సున్న వచ్చాయి. కాబట్టి “ఇది ధర్మం కాదు” అని విమర్శించినవారికి కూడా ధరల పట్టిక చేరుతుంది. “ధర్నా”, “ధరణి”, “అధరం” అన్నవీ ఈ వలలో పడతాయి. కంటికి “ర” వేరు, “ర్మ” వేరు. యంత్రానికి రెండింటిలోనూ మొదటి సంకేతం ఒకటే.

చూపుకు ఒకటిగా ఉండి సంకేతాలలో భిన్నంగా ఉండేవి మరికొన్ని. ఐత్వాన్ని ఒకే సంకేతంగా గాని, ఎత్వంతో మరో గుర్తును కలిపి రెండు సంకేతాలుగా గాని నిల్వచేయవచ్చు. పొల్లుతో ముగిసే మాట చివర కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని విభాజక సంకేతాన్ని చేరుస్తుంటాయి. ఇటువంటి భేదాలను పోల్చడానికి ముందే ఏకరూపం చేయాలి. ఈ ప్రక్రియను యూనికోడ్ సాధారణీకరణ అంటారు. ఐత్వం వంటివి దీనితో సర్దుకుంటాయి గాని, కనిపించని విభాజకాన్ని విడిగా తొలగించవలసిందే.

రోమన్ లిపిలో తెలుగు రాసేవారి సంగతి దీనికి తోడు. అక్కడ “ధ”లోని ఒత్తును కొందరు చూపుతారు, కొందరు చూపరు. దీర్ఘాన్ని రెండచ్చులతో రాసేవారు, ఒక్క అచ్చుతో సరిపెట్టేవారు ఉన్నారు. ఫలితంగా ధర, దర, ధార అనే మూడు మాటలూ ఒకే రూపంలో కనిపించవచ్చు. ఒక పదానికి ఎన్నో రూపాలు, ఒక రూపానికి ఎన్నో పదాలు అన్న స్థితి ఏర్పడుతుంది.

4.2 పదస్థాయి

వరుసను వెదకడం మాని మొత్తం పదాన్ని పోల్చితే “ధర్మం” సమస్య తీరుతుంది. కాని వెంటనే మరొకటి మొదలవుతుంది. వాడుకలో “ధర ఎంత” అన్నది “ధరెంత” అవుతుంది. “లింకు ఇవ్వండి” అన్నది “లింకివ్వండి” అవుతుంది. అత్వసంధి, ఉత్వసంధి పదాల సరిహద్దును చెరిపివేస్తాయి. మొత్తం పదాన్ని పోల్చే యంత్రానికి ఈ రెండు మాటలలో “ధర”గాని “లింకు”గాని దొరకదు.

నామరూపాలూ ఇంతే. “పుస్తకం” కీలకపదమైతే “పుస్తకాలు”, “పుస్తకాన్ని” అన్నవి తప్పించుకుపోతాయి. సున్న స్థానంలో దీర్ఘం రావడమే కారణం. అంత్యభాగాన్ని తొలగించి “పుస్తక” అని పెట్టుకోవడం ఒక ఉపాయం. “లింక్”, “లింకు”, “లింకివ్వండి” మూడింటినీ పట్టుకోవడానికి “లింక” అన్న వరుస సరిపోతుంది. కాని అప్పుడు అబ్రహాం లింకన్ జీవితచరిత్ర గురించి ముచ్చటించిన పాఠకుడికి కూడా లింకు వెళుతుంది. వల కన్నాలు చిన్నవైతే అక్కరలేనివి పడతాయి, పెద్దవైతే కావలసినవి జారిపోతాయి.

4.3 వాక్యస్థాయి

పదం సరిగా దొరికినా పని పూర్తికాదు. “లింకు పంపండి”, “లింకు పనిచేయడం లేదు”, “లింకు అందింది, ధన్యవాదాలు”, “లింకులొద్దు, దుకాణంలో దొరుకుతుందా?” అన్న నాలుగు వ్యాఖ్యలలోనూ ఒకే పదం ఉంది. ఒక్కటే అభ్యర్థన. తెలుగులో నిషేధం సాధారణంగా వాక్యం చివర తేలుతుంది. మొదటి పదంతోనే తృప్తిపడే యంత్రం చివరిదాకా చదవదు.

వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి హేతువులని మన శాస్త్రకారులు చెప్పారు. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. వాటి అర్థాలు పొసగడం యోగ్యత. అవి దగ్గరగా ఉండడం సన్నిధి. కీలకపద పద్ధతి ఈ మూడింటినీ పక్కన పెట్టి పదం ఉనికిని మాత్రమే లెక్కిస్తుంది. వ్యాఖ్యాతలు ఒక్క “లింకు” అని రాసి ఊరుకున్నప్పుడు ఈ లోటు స్పష్టంగా బయటపడుతుంది. అక్కడ ఆకాంక్ష తీరలేదు. చదివేవాడు “పంపండి” అనో “తెరుచుకోవడం లేదు” అనో క్రియను అధ్యాహారం చేసుకోవాలి. ఏ క్రియను చేర్చాలో నిర్ణయించేది సందర్భం. యంత్రం ఎప్పుడూ ఒకే క్రియను చేర్చుకుంటుంది.

5. సమ్మతి - చట్టదృష్టి

బహిరంగంగా మాట్లాడడం వ్యక్తిగత సందేశానికి అంగీకరించడం అవుతుందా? సమాచారగోప్యతను చర్చిస్తూ హెలెన్ నిస్సెన్‌బామ్ 2004లో సందర్భ సమగ్రత అనే భావనను వివరించారు. ఒక సమాచారం ఏ సందర్భంలో వెలువడిందో ఆ సందర్భపు మర్యాదలకు లోబడి ప్రసరించాలన్నది దాని సారం. నలుగురి మధ్య అన్న మాటను పట్టుకొని ఇంటి తలుపు తట్టడం ఆ మర్యాదను దాటడమే.

భారతదేశంలో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న ప్రకటించింది. ఆ తరవాత వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ఈ చర్చకు నేరుగా సంబంధించినది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల వ్యవధి తరవాత అమలులోకి వచ్చేటట్లు దశలు నిర్ణయించారు.

వ్యక్తి తానే బహిరంగపరచిన సమాచారానికి ఈ చట్టం వర్తించదు. కనుక వ్యాఖ్యను చదవడం వరకు చిక్కు లేదు. వ్యక్తిగత సందేశంలో ఫోను నంబరు, చిరునామా, ఈ-మెయిలు అడిగి తీసుకున్న క్షణంనుండి పరిస్థితి మారుతుంది. అది బహిరంగ సమాచారం కాదు. సమ్మతిపై ఆధారపడేవారు దానిని ఎందుకు సేకరిస్తున్నారో ముందుగా తెలియజేయాలి. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలి. ఆ తెలియజేతను ఆంగ్లంలో గాని, రాజ్యాంగ ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా గాని పొందే వీలు ఉండాలి. తెలుగు వాటిలో ఒకటి. తెలుగువారికి తెలుగులో చెప్పడం ఇక్కడ మర్యాదతోపాటు చట్టం గుర్తించిన విషయం కూడా.

మరొక సున్నితాంశం వయస్సు. ఇన్‌స్టాగ్రామ్ 13 ఏళ్లు నిండినవారిని ఖాతా తెరవనిస్తుంది. ఈ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగా పరిగణించి, వారి సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి కోరుతుంది. వ్యాఖ్యను చూసి రాసినవారి వయస్సు చెప్పడం యంత్రానికి సాధ్యం కాదు. కళాశాల ప్రవేశాల ప్రకటన కింద వ్యాఖ్యానించేవారిలో ఇంటర్మీడియట్ విద్యార్థులు ఉండడం సహజం. అటువంటి చోట ఫోను నంబరు అడిగే స్వయంచాలక సందేశం పెట్టకపోవడం మేలు.

6. ఆచరణకు ఒక పద్ధతి

పై పరిశీలననుబట్టి, తెలివైన వల నేయడంకన్నా ప్రకటనలోనే షరతును స్పష్టంగా చెప్పడం మెరుగు. “పుస్తకాల పట్టిక వ్యక్తిగత సందేశంగా కావలసినవారు వ్యాఖ్యలో ‘పట్టిక’ అని మాత్రమే రాయండి. సందేశాన్ని యంత్రం పంపుతుంది” అని ప్రకటనలో పేర్కొనాలి. వ్యాఖ్య మొత్తం ఆ ఒక్క పదమే అయినప్పుడు మాత్రమే సందేశం వెళ్లాలి. ఇంతకుముందు చెప్పిన అధ్యాహారం ఇక్కడ ఇరుపక్షాలకూ ముందే తెలిసి ఉంటుంది. “పట్టిక” అన్న ఒంటిపదానికి “పంపండి” అన్న క్రియను ప్రకటనే నిర్ణయించింది. రాసినవారికి తాము ఏమి కోరుతున్నారో తెలుసు. అది సమ్మతికి దగ్గరగా వచ్చే స్పష్టమైన చర్య.

సంకేతపదం ఎంపికలో కొన్ని జాగ్రత్తలు అవసరం. అది సంధికి, విభక్తికి లోనుకాకుండా ఒంటరిగా నిలవగలగాలి. ఒత్తు, దీర్ఘం తక్కువగా ఉంటే రోమన్ లిపిలోనూ రూపాలు పరిమితమవుతాయి. వాటిని ముందుగా జాబితా చేసుకోవచ్చు. అంకెను సంకేతంగా పెడితే లిపిభేదం పూర్తిగా తొలగుతుంది. అయితే అంకెలతో నిండిన వ్యాఖ్యల వరుసలో ఒక పాఠకుడు రాసిన విమర్శ ఎవరి కంటా పడకుండా పోతుంది. చర్చ జరగవలసిన ప్రకటనలకు ఈ ఏర్పాటే పెట్టకపోవడం ఉత్తమం.

సంకేతపదంతో సరిపోలని వ్యాఖ్యలన్నింటినీ మనిషికి వదలాలి. అడిగినవారికి యంత్రం స్పందించకపోతే మనిషి తరవాత బదులివ్వవచ్చు. దానికి 7 రోజుల గడువు ఉంది. అడగనివారికి వెళ్లిన సందేశాన్ని మాత్రం అందుకున్నవారి మనసులోనుండి తీసివేయలేం. మరణవార్త కింద సంతాపం తెలిపినవారికి పుస్తకధర పంపితే ఆ గాయానికి క్షమాపణ సరిపోదు. ఈ రెండు దోషాల బరువు సమానం కాదు కనుక, సందేహం వచ్చినప్పుడు మౌనం వహించేటట్లు వ్యవస్థను తీర్చాలి.

7. సందేశరచన

మొదటి సందేశంలో నాలుగు విషయాలు చాలు: పంపుతున్నది ఎవరు, ఎందుకు, ఇది యంత్రం పంపినది అన్న మాట, మనిషితో మాట్లాడే దారి. ఉదాహరణకు: “నమస్కారం. మీరు ‘పట్టిక’ అని వ్యాఖ్య రాసినందువల్ల ఈ సందేశం యంత్రం ద్వారా వచ్చింది. పుస్తకాల పట్టిక పంపమంటే ‘అవును’ అని బదులివ్వండి. మా సిబ్బందితో మాట్లాడాలంటే ‘సిబ్బంది’ అని రాయండి. బదులివ్వకపోతే మరే సందేశమూ రాదు.” అందుకున్నవారు బదులిస్తేనే 24 గంటల సంభాషణకు వీలు కలుగుతుంది కనుక, ఈ రెండంచెల పద్ధతి వేదిక నియమానికీ, మర్యాదకూ సరిపోతుంది.

మధ్యమపురుషలో తెలుగు క్రియ లింగభేదం చూపదు. “మీరు రాశారు” అన్నది స్త్రీపురుషులకు సమానం. హిందీలో ఎదురయ్యే లింగసమస్య ఇక్కడ లేదు. కాని ఖాతాపేరుకు “గారు” చేర్చడం ప్రమాదకరం. ఆ పేరు దుకాణానిదో, అభిమానసంఘానిదో కావచ్చు. పేరు లేకుండా “మీరు” అన్న సంబోధనే గౌరవాన్ని నిలుపుతుంది.

పరిశోధకులు ప్రశ్నావళులను ఈ మార్గంలో పంపదలిస్తే పైవాటికి తోడు పరిశోధనోద్దేశం, పర్యవేక్షక సంస్థ, తప్పుకొనే హక్కు స్పష్టంగా చెప్పాలి. వ్యాఖ్య రాసినవారే ఈ నమూనాలో ఉంటారు. చదివి ఊరుకున్నవారు ఉండరు. ఆ పరిమితిని ఫలితాలలో ప్రస్తావించడం అవసరం.

8. ముగింపు

స్వయంచాలక సందేశవ్యవస్థను అమర్చడం ఒక పూట పని. ఏ వ్యాఖ్య అభ్యర్థన అవుతుందో నిర్ణయించడం భాషాశాస్త్రం పని. తెలుగు వ్యాఖ్యలను రెండు లిపులలోనూ సేకరించి, అభ్యర్థన, ప్రశ్న, ఫిర్యాదు, అభినందన, సంతాపం అని ఇద్దరు పరిశీలకులు వేర్వేరుగా వర్గీకరించి, వారి మధ్య ఏకాభిప్రాయాన్ని కొలిచిన దత్తాంశం ఇటువంటి నిర్ణయాలకు పునాది కాగలదు. సంధి విడదీయడం, రోమన్ రూపాలను తెలుగులోకి మార్చడం, వాక్యాంత నిషేధాన్ని గుర్తించడం అనే మూడు అంశాలు వేర్వేరు పరిశోధనలకు తగినవి. ఇవి సిద్ధమయ్యేవరకు వ్యాఖ్యాత ఉద్దేశాన్ని యంత్రంతో ఊహింపజేయడంకన్నా, షరతును ముందుగా తెలుగులో చెప్పి, ఆ షరతును అంగీకరించి రాసిన పదానికే బదులివ్వడం సముచితం.